గేరు నూనెకు ఆయుష్షెంత?

'అయివారూ... ఈ బండికి గేరు నూనె ఎప్పుడన్నా మార్పించినారా?'

'మార్చేదేముందిలేప్పా! జీవితకాలం అదే నూనె అని అమ్మినాయన చెప్పినాడు గదా...'

'ఎవురి జీవితకాలం అయివారూ? బండిదా... మీదా?'

అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఇలాంటి మాటలు చెవిన పడొచ్చు. ఓ రిటైర్డ్ టీచరును ఊహించుకోండి. మోకాళ్ల నొప్పులు. క్లచ్ తొక్కడం ఇక తన వల్ల కాదనుకున్నారు. పీఎఫ్ డబ్బుల్లోంచి కొంత తీసి, 90 వేల కిలోమీటర్లు తిరిగిన ఆటోమేటిక్ కారు కొన్నారు. ఆరు నెలలు హాయిగా నడిచింది. ఆ తర్వాతే మొదలైంది తంటా. పొద్దున్నే రివర్సులో పెడితే కారు రెండు క్షణాలు ఆలోచించి గానీ కదలదు. 'డి'లోకి మారిస్తే ధడేలుమని ఓ కుదుపు. హైవే మీద లారీని దాటబోతే ఇంజిన్ గావుకేక పెడుతుంది తప్ప బండి ముందుకు దూకదు.

సలహాలకేం కొదవ? పక్కింటాయన 'అసలు ముట్టుకోవద్దు సార్, పాత నూనె తీస్తే గేర్‌బాక్స్ పోతాది' అన్నాడు. విడిభాగాల కొట్టాయన 'ఎర్ర నూనె ఓ డబ్బా పోసేయండి' అన్నాడు. ఇంకో షెడ్డులో 'మిషన్ పెట్టి మొత్తం కడిగేద్దాం' అన్నారు. ముగ్గురూ మంచి కోరే చెప్పారు. కానీ ముగ్గురి మాటా గుడ్డిగా వింటే వేలల్లో తేలాల్సిన పని లక్ష దాటొచ్చు. గేర్‌బాక్స్ విప్పించడమంటే అంత ఖర్చు మరి!

ఒకే కారు... మూడు నూనెలు

ఈ సందేహం అనంతపురం సీమలోనే రావడంలో ఓ చిత్రముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని వేరుశనగ వేసే నేల ఇది. విజయనగర రాజుల రెండో రాజధానిగా పేరున్న పెనుకొండకు దగ్గర్లో, ఎర్రమంచి పొలాల పక్కన ఇప్పుడు కార్లు తయారవుతున్నాయి. కొరియా కంపెనీ కియా 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం... ఇదీ లెక్క. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలైంది. ఆ ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. డిసెంబరులో కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 2023 జులై నాటికి 10 లక్షల కార్లు ఈ గేటు దాటాయి. ఫ్యాక్టరీ దాహం తీర్చేది హంద్రీ-నీవా కాలువ మీది గొల్లపల్లి జలాశయం. ఎక్కడో శ్రీశైలం దగ్గరి కృష్ణ నీళ్లు! 2022లో జిల్లాల విభజన జరిగాక ఈ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, జనం నోట మాత్రం ఇప్పటికీ అది 'అనంతపురం కియా'నే.

ఆ తొలి సెల్టోస్‌నే తీసుకోండి. పెట్రోలు ఇంజిన్‌తో ఒక రకం ఆటోమేటిక్, టర్బో పెట్రోలుతో ఇంకో రకం, డీజిల్‌తో మరో రకం. బయట నుంచి చూస్తే మూడూ ఒకటే కారు. లోపల రెండే పెడళ్లు. కానీ గేర్‌బాక్స్‌లు మూడూ మూడు దారులు, వాటి నూనెలు కూడా మూడు దారులే. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోశారో... అంతే సంగతులు!

కాబట్టి అయివారు ముందు తేల్చుకోవాల్సింది 'ఏ కంపెనీ నూనె?' అన్నది కాదు. 'నాది ఏ రకం ఆటోమేటిక్?' అన్నది.

బోరు మోటారు చెప్పే పాఠం

మామూలు గేర్‌బాక్స్‌లో నూనెకు ఒకటే ఉద్యోగం... పళ్ల చక్రాలు అరిగిపోకుండా చూడటం. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇక్కడ నూనె నాలుగు ఉద్యోగాలు చేస్తుంది.

మొదటిది, శక్తిని మోయడం. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటిస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బాలో జరిగేది ఇదే. కాకపోతే గాలి బదులు నూనె. ఇంజిన్ వైపు రెక్కలు నూనెను విసిరితే, గేర్ల వైపు రెక్కలు ఆ తాకిడికి తిరుగుతాయి. క్లచ్ పెడల్ లేకుండా కారు ఆగి, కదలగలిగేది అందువల్లే.

రెండోది, ఒత్తిడితో పని చేయించడం. పంపు తోసే నూనె సన్నటి దారుల గుండా వెళ్లి, లోపలి క్లచ్ పలకలను గట్టిగా అదిమి పడుతుంది. గేరు మారడమంటే ఒక కట్ట పలకలు వదిలి ఇంకో కట్టను పట్టడమే. మూడోది, వేడిని మోసుకెళ్లి బయట పారేయడం. నాలుగోది, అరుగుదలను ఆపడం.

ఇందులో ఒక మెలిక ఉంది. నూనె అంటే జారాలి. కానీ క్లచ్ పలకలు తడి నూనెలోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. జారాల్సిన చోట జారుతూ, పట్టాల్సిన చోట పట్టు ఇవ్వాలి! ఈ గుణం కోసమే ఇందులో రకరకాల రసాయనాలు కలుపుతారు. ఏ పలకలకు ఎంత పట్టు కావాలన్నది గేర్‌బాక్స్ తయారు చేసిన వాళ్లకే తెలుసు. అందుకే ఒక్కో గేర్‌బాక్స్‌కు ఒక్కో నూనె.

మరి నూనె తగ్గితే? రాయలసీమ రైతును అడగండి, చక్కగా చెబుతాడు. బోరులో నీళ్లు అడుగంటాక సబ్‌మెర్సిబుల్ మోటారును ఆడనిస్తే ఏమవుతుంది? నీళ్లే దానికి చలువ. అవి లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. గేర్‌బాక్స్ కూడా అంతే. నూనె మట్టం పడిపోతే పంపు గాలి పీలుస్తుంది. ఒత్తిడి తగ్గుతుంది. పలకలు జారతాయి. జారితే వేడి, వేడికి ఇంకా జారుడు... చివరికి మాడు వాసన!

తిమింగలం నుంచి తప్పించుకుని...

ఈ నూనెకు పెద్ద చరిత్రే ఉంది. పెద్ద ఎత్తున అమ్ముడైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 'హైడ్రా-మాటిక్'. జనరల్ మోటార్స్ దీన్ని 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో తెచ్చింది. దానికోసం ప్రత్యేకించిన 'టైప్ ఎ' నూనె ప్రమాణం 1949లో వచ్చింది. 1967లో 'డెక్స్‌రాన్' అనే పేరు పుట్టింది.

ఆ రోజుల్లో క్లచ్‌కు సరైన పట్టునిచ్చే పదార్థం ఎక్కడి నుంచి వచ్చేదో తెలుసా... స్పెర్మ్ తిమింగలం నూనె నుంచి! 1970ల మొదట్లో అమెరికా తిమింగలాల రక్షణకు చట్టాలు చేయడంతో ఆ దారి మూసుకుపోయింది. బదులుగా కలిపిన రసాయనాలు తొలుత బెడిసికొట్టాయి. కొత్త నూనె గేర్‌బాక్స్ కూలర్లలోని అతుకులను తినేసింది. మళ్లీ మార్చాల్సి వచ్చింది. నూనెలో చిటికెడు పదార్థం మారితే మిషనుకు ఏమవుతుందో అప్పట్లోనే తెలిసొచ్చిందన్నమాట.

ఎర్ర రంగు సంగతి? అది ఒట్టి అద్దకం. కారు కింద మరక పడితే అది ఇంజిన్ నూనెదా, గేర్‌బాక్స్‌దా అని తేలిగ్గా పోల్చుకోవడానికి కలిపిన రంగు. అంతకుమించి దానికి అర్థం లేదు. లారీల, ట్రాక్టర్ల పవర్ స్టీరింగ్‌లో పోసే నూనె కూడా చాలావరకు ఎర్రదే. దాన్నే తెచ్చి 'ఇదీ ఎర్రదే, అదీ ఎర్రదే' అని కొత్త తరం గేర్‌బాక్స్‌లో పోయడం... వేరుశనగ నూనె, ఆముదం రెండూ నూనెలే కదా అని కూర తాలింపులో ఆముదం పోసినట్టే! తిన్నవాళ్ల గతి ఏమవుతుందో వేరే చెప్పాలా?

మీది ఏ రకం?

దేశంలో ఇప్పుడు 'ఆటోమేటిక్' పేరుతో తిరుగుతున్నవి ముఖ్యంగా నాలుగు రకాలు.

టార్క్ కన్వర్టర్: అసలు సిసలు ఏటీఎఫ్... అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కావాల్సింది దీనికే. ఇందులోనూ కంపెనీకో కోడ్. హ్యుందాయ్, కియాల 6 గేర్ల బాక్స్‌కు ఎస్‌పీ-4, టొయోటాకు డబ్ల్యూఎస్, హోండాకు డీడబ్ల్యూ-1... ఇలా.

సీవీటీ: ఇందులో పళ్ల చక్రాల మెట్లుండవు. రెండు పుల్లీల మధ్య లోహపు బెల్టో, గొలుసో తిరుగుతుంది. కియా, హ్యుందాయ్ దీన్నే ఐవీటీ అంటాయి. ఇనుము మీద ఇనుము జారకుండా పట్టు ఉండాలి కాబట్టి దీనికి సీవీటీ నూనె అని వేరే ఉంటుంది. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీలు గీసుకుపోతాయి.

డీసీటీ: రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్. ఇందులో పొడి క్లచ్, తడి క్లచ్ అని రెండు తెగలు. పొడి క్లచ్ ఉన్నదానికి మాన్యువల్ కార్లలో వాడే తరహా గేర్ ఆయిల్ చాలు. తడి క్లచ్ దానికి ప్రత్యేకమైన డీసీటీ నూనె కావాలి. సెల్టోస్ తొలి టర్బోలో వచ్చిన 7 గేర్ల బాక్స్ పొడి క్లచ్‌దే.

ఏఎంటీ: 2014లో మారుతి సెలెరియోతో జనం నోళ్లలో నానిన రకం. నిజానికిది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేరు మార్చే చెయ్యి స్థానంలో చిన్న యంత్రాంగాన్ని పెట్టారు. గేర్లకు మామూలు గేర్ ఆయిల్. హైడ్రాలిక్ యంత్రాంగం ఉంటే దానికి విడిగా కొద్దిపాటి ద్రవం. దీనికి ఏటీఎఫ్ డబ్బా కొనడమంటే పెళ్లికూతుర్ని వదిలేసి తోడుపెళ్లికూతురికి తాళి కట్టినట్టే!

ఏ రకమో తెలియకపోతే? కారుతో వచ్చిన పుస్తకంలో 'సిఫార్సు చేసిన నూనెలు, పరిమాణాలు' అనే పట్టిక ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారుకు పుస్తకం లేకపోతే, ఛాసిస్ నంబరు తీసుకెళ్లి సర్వీసు సెంటర్ విడిభాగాల కౌంటర్లో అడిగితే సరైన కోడ్ చెబుతారు. ఆ కోడ్ ఓ కాగితం మీద రాసుకుని గానీ కొట్టుకు వెళ్లకండి.

డబ్బా మీద ఏం చదవాలి?

కంపెనీ నూనే కొనాలా... బయటి బ్రాండు పనికిరాదా? పనికొస్తుంది. కానీ డబ్బా వెనక అక్షరాలు చదవాలి. 'ఫలానా ప్రమాణానికి ఆమోదం పొందింది' అని ఉండటం వేరు. 'ఫలానా ప్రమాణమున్న బండ్లకు సరిపోతుంది' అని ఉండటం వేరు. మొదటిది వాహన కంపెనీ పరీక్షించి ఇచ్చిన మాట. రెండోది నూనె అమ్మేవాళ్లు తమకు తాము చెప్పుకున్న మాట. అది అబద్ధమే కావాలని లేదు. కానీ వారంటీ ఉన్న కారు విషయంలో మొదటిదే క్షేమం.

'అన్ని బండ్లకూ ఒకటే' అనే నూనెలతో మరింత జాగ్రత్త. ఏటీఎఫ్, సీవీటీ, డీసీటీ మూడింటికీ ఒకే డబ్బా చాలంటే నమ్మకపోవడమే మంచిది. ఇంకో సంగతి... 'డెక్స్‌రాన్-3' అని రాసిన డబ్బాలు ఇప్పటికీ కొట్లలో కనిపిస్తాయి. జనరల్ మోటార్స్ ఆ ప్రమాణానికి లైసెన్సులివ్వడం 2006తోనే ముగించేసింది. అంటే ఆ పేరు మీద ఇప్పుడు అమ్మేదాని నాణ్యతకు ఆ సంస్థ పూచీ లేదన్నమాట. పాత బండ్ల పవర్ స్టీరింగ్‌కు పనికొస్తే రావచ్చు గానీ, 6 గేర్ల కొత్త బాక్స్‌కు కాదు.

'మన ఎండలకు చిక్కటి నూనె అయితే తట్టుకుంటాది' అనేది ఇంకో అపోహ. కొత్త గేర్‌బాక్స్‌లను పలచటి నూనెకే లెక్కగట్టి తయారు చేస్తున్నారు. సన్నటి దారుల్లోంచి అది సకాలంలో వెళ్లాలి. చిక్కటిది పోస్తే గేరు మార్పు ఆలస్యమవుతుంది, పంపు మీద బరువు పడుతుంది. ఎండకు మందు చిక్కదనం కాదు, సకాలంలో మార్పిడి.

డబ్బా సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూసి బిల్లు తీసుకోవడం మామూలు జాగ్రత్తే. అయినా పది మందిలో ఎంతమంది చేస్తారు?

32 డిగ్రీలు దాటితే...

ఇక అసలు ప్రశ్న. ఎప్పుడు మార్చాలి?

'జీవితకాలం' అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కొన్ని కంపెనీల పుస్తకాల్లో ఆటోమేటిక్ నూనె దగ్గర 'తనిఖీ అక్కర్లేదు' అనే ఉంటుంది. కానీ ఆ పక్క పేజీ తిప్పేవాళ్లు తక్కువ. అక్కడ 'కఠిన వాడకం' అని ఇంకో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, మట్టి బాటలు, తరచూ చిన్న చిన్న దూరాలు, ఎక్కువసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆగడం, ఘాట్లు, బరువులు... ఆ జాబితాలో చాలా కంపెనీలు రాసే ఇంకో మాట '32 డిగ్రీలు దాటిన వేడిలో రద్దీ ప్రయాణం'. అనంతపురంలో వేసవి వస్తే 40 దాటుతుంది. దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పట్టిక ఈ నేలను చూసి రాశారా అనిపిస్తుంది! అంటే ఇక్కడివాళ్లకు 'సాధారణ వాడకం' పేజీ చెల్లదు. చదవాల్సింది రెండో పేజీ.

ఆ రెండో పేజీ అంకె కారును బట్టి మారుతుంది. కొన్నింటికి లక్ష కిలోమీటర్లు, కొన్నింటికి 60 వేలు, కొన్ని సీవీటీలకు 40 వేలే. ఎన్నో ఖరీదైన కార్లకు గేర్‌బాక్స్‌లు చేసిచ్చే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్, కార్ల కంపెనీలు ఏమన్నా సరే, 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య లేదా 8 ఏళ్లలోపు మార్చమనే చెబుతుంది. చేసినవాళ్ల మాటకే విలువ ఎక్కువ కదా!

వేడికీ నూనె ఆయుష్షుకూ ఓ మోటు లెక్క ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే నూనె పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. 20 డిగ్రీలు పెరిగితే నాలుగింతలు. ఎండలో నిండా జనాన్ని, సామాన్లను ఎక్కించుకుని ఘాటు ఎక్కే కారులో నూనెకు వయసు ఎంత తొందరగా మీదపడుతుందో ఊహించుకోవచ్చు.

ఎలా మార్చాలి?

పాత కార్లలో గేర్ నూనెకు కొలపుల్ల ఉండేది. ఇప్పుడు చాలావాటికి లేదు. అడుగున బిరడా విప్పి మట్టం చూడాల్సిందే. అది కూడా బండి సమతలం మీద ఉండి, ఇంజిన్ ఆడుతూ, నూనె నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు. కారును బట్టి ఈ వేడి 30 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది. స్కానర్ పెట్టి ఆ వేడిని చూడాలి. 'చేత్తో ముట్టుకుంటే తెలుస్తాది' అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే వేడికి నూనె ఉబ్బుతుంది. మరీ వేడి మీద మట్టం సరిచేస్తే చల్లారాక తక్కువవుతుంది. మరీ చల్లగా ఉన్నప్పుడు చేస్తే ఎక్కువవుతుంది. రెండూ చేటే.

బిరడా విప్పితే మొత్తం నూనె రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో సగానికి పైగా మిగిలిపోతుంది. 7 లీటర్ల నూనె పట్టే గేర్‌బాక్స్‌లో 3 లీటర్లు బయటికి వచ్చిందనుకోండి. కొత్తది 3 పోశాక కూడా లోపల 57 శాతం పాతదే. కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ మారిస్తే పాతది 33 శాతానికి దిగుతుంది. మూడోసారికి 19 శాతం. ఖర్చు కాస్త ఎక్కువే గానీ నిదానమైన పద్ధతి. మిషన్‌తో ఒకేసారి మార్చేయడం వేళకు మార్చుతూ వచ్చిన బండికి ఫర్వాలేదు. ఏళ్ల తరబడి ముట్టుకోని గేర్‌బాక్స్‌కు మాత్రం ఒత్తిడితో కడగడం కంటే ఈ మూడు విడతల దారే మేలు.

'మారిస్తే పోతాది' అనే భయం ఎలా పుట్టిందంటే... గేరు జారడం మొదలయ్యాకే చాలామంది నూనె మార్పిస్తారు. అప్పటికే పలకలు అరిగిపోయి ఉంటాయి. నూనె మార్చిన వారానికి బండి ఆగుతుంది. నింద కొత్త నూనె మీద పడుతుంది! చివరి ఘడియల్లో వచ్చిన డాక్టరు మీద పడ్డట్టు.

నూనె తీసేటప్పుడు యజమాని దగ్గరుంటే మంచిది. తెల్ల కాగితం మీద ఓ చుక్క వేయించి చూడండి. గోధుమ రంగుకు తిరిగితే వయసు. నల్లబడి మాడు వాసన వస్తే పలకలు కాలిన గుర్తు. అడుగు పళ్లెంలోని అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే. ఇనుప పెచ్చులు కనిపిస్తే మాత్రం నూనెతో తీరే జబ్బు కాదు.

చుక్క గులాబీ రంగు పాలలా ఉంటే? నూనెలో నీళ్లు కలిశాయన్నమాట. ఇది ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది. చాలా కార్లలో గేర్ నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే... లవణాలు, ఫ్లోరైడ్ నిండిన అనంతపురం నీటికి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, లోహం తుప్పు పడుతుంది. ఎక్కడో చిల్లు పడి నీళ్లు నూనెలో కలుస్తాయి. క్లచ్ పలకల మీది పొర కాగితం లాంటి పదార్థం. దాన్ని బంకతో అతికిస్తారు. నీళ్లు తగిలితే ఊడొస్తుంది. లీటరు కూలెంట్ దగ్గర మిగుల్చుకున్న డబ్బు గేర్‌బాక్స్ దగ్గర వడ్డీతో సహా పోతుందన్నమాట.

మరో మాట. హైవే మీద బండి ఆగితే తాడు కట్టి లాగడం అలవాటు. ఆటోమేటిక్‌ను అలా లాగొద్దు. లోపలి పంపు తిరిగేది ఇంజిన్‌తోనే. ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే గేర్లు నూనె అందక పొడిగా తిరుగుతాయి. మళ్లీ బోరు మోటారు కథే! తిరిగే చక్రాలను పైకెత్తి గానీ, ఏకంగా లారీ మీదికి ఎక్కించి గానీ తీసుకెళ్లాలి.

తీసిన నూనె ఎక్కడికి?

ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు. బయటికి తీసిన ఆ నూనె ఏమవుతుంది? షెడ్డు వెనక గుంతలోకో, మురికి కాలువలోకో పోతే అది చివరికి చేరేది భూగర్భానికే. వందల అడుగులు తవ్వితే గానీ చెమ్మ తగలని నేల ఇది. ఒక కారు నుంచి ఒకసారి తీసిన నూనె 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంటుంది. మన దేశంలోనూ వాడిన నూనె ప్రమాదకర వ్యర్థమే. 2016 నాటి నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేర్చాలి. డబ్బాలో పట్టి, మూత బిగించి, సేకరించేవాళ్లకు ఇచ్చే షెడ్డును ఎంచుకోవడం కూడా నూనె ఎంపికలో భాగమే.

మళ్లీ అయివారి దగ్గరికి వద్దాం. ఆయన కారు టార్క్ కన్వర్టర్ రకమని తేలిందనుకుందాం. ఇరుసు దగ్గర సీలు కారి నూనె మట్టం తగ్గింది. మిగిలింది గోధుమ రంగుకు తిరిగింది. అయస్కాంతానికి ముద్దే ఉంది, పెచ్చుల్లేవు. సీలు మార్చి, పుస్తకంలో ఉన్న కోడ్ నూనెతో మూడు విడతలు మార్చాక రివర్సులో ఆలోచన తగ్గింది, కుదుపు పోయింది. ఇంకో నాలుగు నెలలు ఎవరి మాటో విని ఊరుకుని ఉంటే ఈ వాక్యం ఇలా ముగిసేది కాదు.

అయివారు ఊరుకుంటారా? హాజరుపట్టీలా గీతలు గీసిన ఓ నోటుపుస్తకం కారులో పెట్టారు. తేదీ, కిలోమీటర్లు, నూనె కోడ్, ఎన్ని లీటర్లు... అన్నీ రాశారు. మెకానిక్ దాన్ని చూసి నవ్వాడు.

'ఇదెందుకు అయివారూ?'

'రేపు ఈ బండి ఎవురికన్నా అమ్మితే, నన్ను నువ్వడిగినట్టే వాణ్ని ఇంకొకడు అడుగుతాడు గదప్పా. జవాబుండాల గదా!'